మూడో చక్రం

వేసవి వచ్చిందంటే రెడ్డిగూడెం చుట్టుపక్కల మామిడితోటల్లో ఊపిరి సలపని పని. చిక్కం కర్రలు పట్టుకుని కాయ దింపేవాళ్ళు దింపుతూనే ఉంటారు, ఏరేవాళ్ళు ఏరుతూనే ఉంటారు. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, కలెక్టరు - ఏ కాయకు ఆ కాయ వేరుగా గంపల్లోకి చేరాలి. కాయ దెబ్బ తినకూడదు, ఎండ తగలకూడదు, ఆలస్యం కాకూడదు.

రెడ్డిగూడెం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2022లో జిల్లాలు మార్చే వరకు అది కృష్ణా జిల్లాలో ఉండేది. నూజివీడు మామిడి అని మనం చెప్పుకునే కాయలో కొంత ఈ తోటలదే. ఇక్కడ రైతుకు ఏటా ఎదురయే చిక్కు ఒకటున్నది. కాయను కొనుక్కుపోయే లారీ రోడ్డు మీదనే ఆగుతుంది. చెట్టు కింది నుంచి రోడ్డు దాకా కాయను చేర్చేదెలా? పెద్ద తోటవాళ్ళు ట్రాక్టరు పెట్టుకుంటారు. మూడెకరాలో నాలుగెకరాలో ఉన్నవాడికి ఆ బాడుగ బరువవుతుంది. నెత్తిన మోస్తే పొద్దు గూకుతుంది.

ఇక రెండో సంగతి చూడండి. ఏ ఊళ్ళోనైనా పాకల చాటున పాత మోటారు సైకిళ్ళు కనిపిస్తాయి. ఒకదానికి ఇంజను బాగుంటుంది, చక్రాలు ఉండవు. ఇంకొకదానికి చక్రాలు బాగుంటాయి, ఇంజను చెడిపోయి ఉంటుంది. రెండూ చచ్చిన బళ్ళే. కాని ఆ రెంటినీ కలిపితే ఒక బతికిన బండి వస్తుంది. దాని పక్కన ఇంకో చక్రం పెట్టి, ఆ చక్రం మీద ఒక తొట్టి కడితే అయిదారు గంపలు మోసే బండి అవుతుంది. దీన్నే సైడ్‌కార్ అంటారు. మనం పక్కబండి అనుకుందాం.

ఈ పని తక్కువ డబ్బుతో చెయ్యవచ్చు. కాని పక్కబండి అంటే మోటారు సైకిలుకు ఒక పెట్టెను కట్టెయ్యటం కాదు. అందులో కొంత లెక్క ఉన్నది. ఆ లెక్క తెలిసినవాడికి పాత ఇనుము కూడా మంచి బండి అవుతుంది. తెలియనివాడికి కొత్త ఇనుమైనా ప్రాణం మీదికి తెస్తుంది.

నవ్వులాటకు వేసిన బొమ్మ

పక్కబండి పుట్టుక తమాషాగా జరిగింది. 1903 జనవరి 7న ఇంగ్లండులో మోటారు సైకిళ్ళను గురించిన ఒక పత్రికలో జార్జి మూర్ అనే ఆయన గీసిన వ్యంగ్య చిత్రం అచ్చయింది. అందులో మోటారు సైకిలు పక్కన ఒక కుర్చీబండి తగిలించి ఉన్నది. అది చూసి జనం నవ్వుకునే ఉంటారు. కాని మూడు వారాలు గడిచేలోగా ఎన్‌ఫీల్డ్ అనే ఊరికి చెందిన గ్రాహం అనే ఆయన నిజంగానే అటువంటి బండికి తాత్కాలిక పేటెంటు సంపాదించాడు. మన దేశంలో అందరూ ఎరిగిన బుల్లెట్ బండి మీద ఉండే ఎన్‌ఫీల్డ్ పేరు కూడా ఆ ఊరిదే.

ఆ తొలి రోజుల పక్కబళ్ళలో చాలావాటికి తొట్టి ఇనుముతో చేసేవాళ్ళు కారు. బుట్టలల్లే సన్నని బెత్తాలతో అల్లేవాళ్ళు. అది తేలిక, చవక, కుదుపును కొంత మింగేస్తుంది కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మనకు తరవాత పనికివస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం తనకు అక్కరలేని మోటారు సైకిళ్ళను అమ్మివేసింది. విలియం వాంస్లీ అనే ఇంగ్లీషు యువకుడు అలాంటి పాత బళ్ళను కొని, బాగుచేసి, వాటికి పక్కబళ్ళు కట్టి అమ్మేవాడు. ఆయన ఉండే వీధిలోనే విలియం లయన్స్ అనే కుర్రవాడు కాపురముండేవాడు. వీళ్ళిద్దరూ కలిసి 1922లో బ్లాక్‌పూల్ పట్టణంలో పక్కబళ్ళ కంపెనీ ఒకటి పెట్టారు. లయన్స్‌కు అప్పటికి సరిగా ఇరవై ఒక్క ఏళ్ళు. ఆ చిన్న కంపెనీయే పెరిగి పెరిగి, ప్రపంచమంతా పేరు విన్న జాగ్వార్ కార్ల కంపెనీ అయింది. పాత బళ్ళు బాగుచెయ్యటం చిన్న పని అనుకునేవాళ్ళు ఈ కథ తెలుసుకోవాలి.

మన దేశంలో

మన దేశంలో కూడా పాత బండిని పారెయ్యటం మొదటి నుంచీ అలవాటు లేదు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులు వాడిన హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్ళను ఢిల్లీలో మూడు చక్రాల బళ్ళుగా మార్చారు. అవి చేసే చప్పుడును బట్టి జనం వాటిని ఫట్‌ఫటీలు అన్నారు. అవి జనాన్ని ఎక్కించుకుని దాదాపు యాభై ఏళ్ళు తిరిగాయి. పొగ ఎక్కువగా వదులుతున్నాయని 1998లో వాటిని రోడ్ల మీది నుంచి తీసేశారు. గుజరాతులోని సౌరాష్ట్రంలో బుల్లెట్ ముందు భాగానికి వెనక రెండు చక్రాల తొట్టి కలిపి ఛకడో అనే బండి చేశారు. గడ్డి మోపుల నుంచి పెళ్ళివారి దాకా అది మొయ్యని బరువు లేదు.

ఆ ప్రాంతంలోనే అమ్రేలీ జిల్లాలో మన్‌సుఖ్‌భాయి జగానీ అనే ఆయన 1994లో బుల్లెట్ బండిని నాగలిగా మార్చాడు. వర్షాలు లేక, మేత దొరకక, ఎడ్లను మేపటం రైతులకు కష్టమైపోయిన ప్రాంతమది. ఆయన మోటారు సైకిలు వెనక చక్రం తీసేసి, దాని స్థానంలో రెండు చక్రాల ఇరుసునూ, దున్నే పనిముట్లనూ బిగించాడు. దీనికి అమెరికాలో పేటెంటు కూడా వచ్చింది.

మన కృష్ణా తీరంలో ఇలాంటి పనికి పుట్టిల్లు విజయవాడ ఆటోనగర్. లారీ బాడీలు కట్టటంలో అక్కడి పనివాళ్ళకు పెట్టింది పేరు. తుక్కుకు వచ్చిన బళ్ళ నుంచి పనికివచ్చే సామాను విడదీసి అమ్మే కొట్లు కూడా అక్కడ బారులు తీరి ఉంటాయి. రెడ్డిగూడెం రైతు పక్కబండి కట్టదలిస్తే సామానుకు దూరం పోనక్కరలేదు.

మూడో చక్రం వస్తే ఏమవుతుంది?

సైకిలు తొక్కేటప్పుడు ఎడమకు తిరగవలసివస్తే మీరు ఎడమకు ఒరుగుతారు. మీరు ఆలోచించి చేసే పని కాదది, ఒళ్ళే ఒరుగుతుంది. అలా ఒరగకపోతే బయటి వైపుకు పడిపోతారు. రెండు చక్రాల బండి బతుకంతా ఈ ఒరగటంలోనే ఉన్నది.

పక్కన మూడో చక్రం బిగించిన క్షణం నుంచీ బండి ఒరగలేదు. ఆగినప్పుడు కాలు కింద పెట్టనక్కరలేదు, నిజమే. కాని మలుపులో ఒరిగి తప్పించుకునే ఉపాయం కూడా పోయింది. ఇక హ్యాండిలును చేతులతో బలంగా తిప్పవలసిందే. అందుచేత ఇరవై ఏళ్ళుగా మోటారు సైకిలు నడిపినవాడైనా పక్కబండి దగ్గర మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలి.

ఇంకో విశేషం. మన దేశంలో బళ్ళు రోడ్డుకు ఎడమ పక్కన పోతాయి గనక పక్కబండిని ఎడమ వైపునే కడతారు. ఇంజను మోటారు సైకిలుకు ఉన్నది, పక్కబండికి లేదు. అందువల్ల వేగం పెంచినప్పుడు పక్కబండి వెనక్కు లాగుతుంది, బండి ముక్కు ఎడమకు తిరుగుతుంది. మోటారు సైకిలు బ్రేకు వేసినప్పుడు అది ఆగుతుంది గాని, పక్కబండి ఇంకా ముందుకు పోతానంటుంది. అప్పుడు ముక్కు కుడికి తిరుగుతుంది. ఒకే కాడికి పొగరుబోతు ఎద్దునూ, సోమరి ఎద్దునూ కట్టినట్టుంటుంది. పక్కబండి కట్టేవాడి నేర్పంతా ఈ రెంటినీ ఒక్క తోవన నడిపించటమే.

ఏ బండి కొనాలి?

బరువు లాగే బండికి వేగం కన్న బలం ముఖ్యం. చట్రం గట్టి ఇనుప గొట్టాలతో చేసినదై ఉండాలి. మద్రాసులో 1955 నుంచి తయారైన బుల్లెట్లు ఇందుకు బాగా పనికివస్తాయి. 346 ఘనపు సెంటీమీటర్ల ఇంజను తక్కువ వేగంలో కూడా నిబ్బరంగా లాగుతుంది. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బళ్ళు కూడా గట్టివే. వాటి తయారీ 1996లో ఆగిపోయింది, అయినా పాతవి ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. వాటితో చిన్న ఇబ్బంది ఉన్నది. స్టార్టు చేసే కిక్కు ఎడమ పక్కన ఉంటుంది. పక్కబండిని మరీ దగ్గరగా బిగిస్తే కాలు ఆడటానికి చోటు చాలదు. పాత బుల్లెట్లకు కిక్కు కుడి పక్కన ఉంటుంది గనక ఆ బాధ లేదు.

కొనేటప్పుడు ముందు చూడవలసింది ఇంజను కాదు, కాగితాలు. రిజిస్ట్రేషను పత్రంలో ఉన్న ఇంజను నంబరూ, ఛాసిస్ నంబరూ బండి మీద చెక్కిన నంబర్లతో సరిపోవాలి. సరిపోని బండి ఎంత చవకగా వచ్చినా వద్దు. అది ఎవరి ఇంటి ముందు నుంచి పోయినదో ఎవరికి తెలుసు?

తరవాత చట్రం చూడాలి. రంగు గీకి, అతుకుల దగ్గర పగుళ్ళు ఉన్నాయేమో వెతకాలి. ఇంజనును మళ్ళీ చేయించవచ్చు. వంగిన చట్రాన్ని నమ్మటానికి లేదు.

తొట్టి, చక్రం

పక్కబండికి సగం పని చేసిపెట్టే వస్తువు ఒకటున్నది. అది తుక్కుకు వచ్చిన ఆటో. ఆటో వెనక చక్రానికి విడిగా ఒక చెయ్యి, దానికి స్ప్రింగు, షాకబ్జరు, బేరింగులు, బ్రేకు డ్రమ్ము అన్నీ ఉంటాయి. ఎడమ పక్క చక్రాన్ని ఆ చెయ్యితో సహా తెచ్చుకుంటే మూడో చక్రం దాదాపు సిద్ధమైనట్టే. బ్రేకు కూడా దానితోనే వస్తుంది. ఇందాక చెప్పుకున్నాం గదా, మోటారు సైకిలుకు మాత్రమే బ్రేకు ఉంటే బండి కుడికి తిరుగుతుందని! మూడో చక్రానికి కూడా బ్రేకు ఉంటే ఆ తిరుగుడు చాలావరకు పోతుంది.

చక్రం మీద గొట్టాలతో ఒక దీర్ఘచతురస్రం కట్టాలి. దానిని మోటారు సైకిలు చట్రానికి నాలుగు చోట్ల బిగించాలి. కింద రెండు చోట్ల, పైన రెండు చోట్ల. పై రెండూ ఏటవాలు కమ్మీలు. ఏటవాలు ఎందుకని అడుగుతారేమో. నాలుగు అగ్గిపుల్లలను చతురస్రంగా పేర్చి, మూలలను మైనంతో అతికించి, ఒక పక్క నుంచి నొక్కండి. అది వాలిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం చేసి నొక్కండి. అది వాలదు. ఇంటి దూలానికైనా, వంతెనకైనా, పక్కబండికైనా బలం త్రిభుజంలోనే ఉన్నది.

తొట్టికి రేకు కొనక్కరలేదు. సన్నని గొట్టాల చట్రం చేసి, గంపలల్లేవాళ్ళ చేత దాని మీద వెదురు అల్లిస్తే చాలు. నూరేళ్ళ కిందట ఇంగ్లండులో బెత్తంతో చేసిన పని మన వెదురు అంతకన్న బాగా చేస్తుంది. గాలి ఆడుతుంది గనక కాయ వేడెక్కదు. పాడైతే మళ్ళీ అల్లించుకోవచ్చు.

బరువు పెరిగింది గనక బండి నెమ్మదిగా, బలంగా లాగాలి. ఇందుకు ఇంజను మార్చనక్కరలేదు. చైను తిరిగే ముందు పళ్ళచక్రం మారిస్తే చాలు. 17 పళ్ళ చక్రం తీసి 15 పళ్ళది వేశామనుకోండి. అదే ఇంజను వేగానికి బండి వేగం వందకు పన్నెండు వంతులు తగ్గుతుంది, లాగే బలం వందకు పదమూడు వంతులు పెరుగుతుంది. వేగం ఇచ్చి బలం కొనుక్కోవటమన్నమాట.

మూడు కొలతలు

ఇక అసలు లెక్క. దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. చదునైన గచ్చు, రెండు తిన్నని పొడుగాటి బద్దలు, ఒక టేపు, తాపీమేస్త్రీలు వేలాడదీసే గుండు - ఇవి ఉంటే చాలు.

మొదటి కొలత: మూడో చక్రం వెనక చక్రానికి సరిగా పక్కన ఉండరాదు. 15 నుంచి 25 సెంటీమీటర్లు ముందుకు ఉండాలి. కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమకూ ముందుకూ తోసుకువస్తుంది. చక్రం కొంచెం ముందుంటే ఆ తోపును ఆపుతుంది. మరీ ముందుకు పోతే హ్యాండిలు తిప్పటం కష్టమై, టైర్లు త్వరగా అరుగుతాయి.

రెండో కొలత: మోటారు సైకిలు చక్రాలకు ఆనించి ఒక బద్దనూ, మూడో చక్రానికి ఆనించి ఇంకో బద్దనూ నేల మీద పెట్టాలి. రెండు బద్దల మధ్య దూరం వెనకకన్న ముందు 15 నుంచి 20 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. అంటే మూడో చక్రం రవ్వంత మోటారు సైకిలు వైపుకు చూస్తూ ఉండాలి. పక్కబండి ఎడమకు లాగుతుంది గదా, ఈ చూపు దానిని కుడికి నెట్టుతుంది. రెండూ సరిపోయి బండి తిన్నగా పోతుంది.

మూడో కొలత: గుండు వేలాడదీసి చూస్తే మోటారు సైకిలు నిటారుగా గాక, పక్కబండికి దూరంగా, కుడికి ఒక డిగ్రీ వాలి ఉండాలి. 75 సెంటీమీటర్ల ఎత్తున ఇది 13 మిల్లీమీటర్లు అవుతుంది. మన రోడ్లు వాననీరు పోవటానికి అంచుల వైపు వాలుగా ఉంటాయి. ఎడమ పక్కన పోయే బండి ఎడమకు వాలుతుంది. తొట్టిలో బరువు వేస్తే ఇంకా వాలుతుంది. ముందే కుడికి వాల్చి పెడితే బరువు వేసినప్పుడు నిటారుగా నిలుస్తుంది.

ఈ మూడు కొలతలకూ పైసా ఖర్చు లేదు. ఓపిక మాత్రం కావాలి.

ఖాళీ బండి భయం

ఒక కుర్రవాడు మేస్త్రీ దగ్గర నిలబడి ఇలా అడిగాడనుకుందాం:

"మేస్త్రీగారూ, కాయలతో పోయేటప్పుడు జాగ్రత్తగా తోలాలి గాని, దింపేసి వచ్చేటప్పుడు హాయిగా రావచ్చు గదా? బండి తేలికైపోయిందిగా!"

అప్పుడు మేస్త్రీ ఇలా అంటాడు: "ఒరే అబ్బాయ్, నాకు భయమంతా ఆ వచ్చేటప్పుడే!"

ఎందుకో చూద్దాం. బండి ఎడమకు తిరిగేటప్పుడు బరువంతా కుడికి తోసుకుపోతుంది. మోటారు సైకిలు చక్రాల గీతే మడతబందుగా మారి, పక్కబండి నేల నుంచి లేవబోతుంది. దానిని లేవకుండా పట్టి ఉంచేది ఏమిటి? పక్కబండి సొంత బరువు మాత్రమే. అది తేలికైన కొద్దీ సులువుగా లేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. మోటారు సైకిలూ, నడిపేవాడూ కలిసి 220 కిలోలనుకోండి. ఖాళీ పక్కబండి 70 కిలోలు, దాని బరువు మోటారు సైకిలు గీతకు 85 సెంటీమీటర్ల దూరాన ఉన్నది. మొత్తం బరువుకు కేంద్రం నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. పక్కబండిని కిందికి పట్టి ఉంచేది 70ని 85తో గుణిస్తే వచ్చే 5,950. దీనిని 60తో భాగిస్తే సుమారు 99. అంటే మలుపులో బయటికి తోసే బలం 99 కిలోలు దాటితే చక్రం లేస్తుంది. పది మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో 290 కిలోల బండికి అంత బలం రావటానికి గంటకు 21 కిలోమీటర్ల వేగం చాలు!

అదే తొట్టిలో 60 కిలోల కాయ, గీతకు 80 సెంటీమీటర్ల దూరాన ఉంటే చక్రం లేవటానికి 25 కిలోమీటర్ల వేగం కావాలి. కాయ ఉన్నప్పుడు 23 కిలోమీటర్ల వేగంతో క్షేమంగా తిరిగిన మలుపే, కాయ దింపి వచ్చేటప్పుడు అదే వేగంతో తిరిగితే చక్రం పైకి లేస్తుంది. పైగా ఈ తోసే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది.

కాయ అమ్ముడుపోయింది, జేబులో డబ్బున్నది, మనసు తేలికగా ఉన్నది, బండి కూడా తేలికగా ఉన్నది. సరిగా అప్పుడే ఎడమ మలుపు వస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు ఖాళీ తొట్టిలో నలభై కిలోల ఇసుక బస్తా వేసి, కదలకుండా కట్టి మరీ తిరిగి వస్తారు. బస్తాను ఎంత కిందికి, ఎంత బయటి అంచుకు పెడితే అంత మంచిది.

పందేలలో దీనికి ఇంకో ఉపాయం చేస్తారు. 1923లో ఇంగ్లండు పక్కనున్న మాన్ ద్వీపంలో మొదటి పక్కబళ్ళ పందెం జరిగింది. దానిలో గెలిచిన ఫ్రెడ్డీ డిక్సన్ బండికి పక్కబండి ఒరిగే ఏర్పాటు ఉన్నది. పక్కన కూచున్నవాడు మలుపును బట్టి దానిని ఎత్తుతూ దించుతూ ఉండేవాడు. ఇప్పటి పందేలలో పక్కవాడు తన ఒళ్ళంతా బయటికి వేలాడదీసి బరువు సరిచేస్తాడు. అవి ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళ పనులు, తోట దారుల్లో చేసేవి కావు.

ఎక్కడ పొదుపు చెయ్యాలి?

తక్కువ ఖర్చులో బండి కట్టేవాడు ప్రతి రూపాయి దగ్గరా ఆగి ఆలోచిస్తాడు. మంచిదే. కాని కొన్ని వస్తువుల దగ్గర ఆగకూడదు.

పెట్రోలు ట్యాంకు పాతది కావచ్చు, చిల్లి లేకపోతే చాలు. సీటు పాతది కావచ్చు. మడ్‌గార్డులు, గొట్టాలు, దీపాల డొప్పలు పాతవి కావచ్చు. తొట్టి వెదురుది కావచ్చు. రంగు వెయ్యకపోయినా బండి నడుస్తుంది.

టైర్లు మాత్రం కొత్తవి కావాలి. బ్రేకు రేకులు, బ్రేకు తీగలు, చక్రాల బేరింగులు కొత్తవి కావాలి. పక్కబండిని పట్టి ఉంచే బోల్టులు కొత్తవి కావాలి. అవి కూడా ఏవో బోల్టులు పనికిరావు. గట్టి ఉక్కు బోల్టుల తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది, అవి కావాలి. అదురుకు వదులు కాని నట్లు వెయ్యాలి. వెల్డింగు పని చెయ్యి తిరిగినవాడి చేత చేయించాలి. ఆ నాలుగు అతుకుల్లో ఒక్కటి ఊడినా తొట్టి విడిపోతుంది.

ఆ తొట్టిలో మామిడికాయే ఉంటుందని ఎక్కడున్నది? నడవలేని నాయనమ్మను అందులో కూచోబెట్టుకుని తోట చూపించటానికి తీసుకుపోతారు. బడి లేని రోజున చెల్లెలు ఎక్కుతానని మారాం చేస్తుంది. కాయకు దెబ్బ తగిలితే ధర తగ్గుతుంది. మనిషికి తగిలితే ఆ దెబ్బకు ధర కట్టలేం. కనక పొదుపంతా కంటికి కనిపించే చోట చెయ్యాలి. ప్రాణం ఆనుకుని ఉన్న చోట చెయ్యరాదు.

చట్టం ఏమంటుంది?

బండి ఎంత చక్కగా కట్టినా దానిని తిన్నగా రోడ్డు ఎక్కించటానికి లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఇందుకు సంబంధించినదే. తయారు చేసిన కంపెనీ నిర్ణయించిన వివరాలకు భిన్నమయేట్టు బండిని మార్చరాదని ఆ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. దివ్యాంగుల కోసం మార్చే బళ్ళకు మాత్రం చట్టం ప్రత్యేకంగా వీలు కల్పించింది.

అందుచేత రోడ్డు మీద తిప్పదలిచినవాళ్ళు ఇనుము కొయ్యటానికి ముందే రవాణా కార్యాలయానికి వెళ్ళి కనుక్కోవాలి, కోసిన తరవాత కాదు. అనుమతి లేని బండి సొంత తోటలో చెట్ల మధ్యనే తిరగాలి. తోటలో అయినా నడిపేవాడు పెద్దవాడే అయి ఉండాలి. గేర్ల మోటారు సైకిలు నడపటానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి.

మీరు చేసి చూడండి

పద్దెనిమిదేళ్ళు నిండేదాకా చేతులు ముడుచుకుని కూచోనక్కరలేదు. పక్కబండి గుట్టు ఇంట్లోనే చూడవచ్చు.

ఒక జానెడు పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు గల చెక్క తీసుకోండి. దాని కింద ముందొకటి, వెనకొకటి, ఒకే గీత మీద రెండు చక్రాలు పెట్టండి. పాత బొమ్మ కారు చక్రాలు చాలు. ఎడమ పక్కన ఒక పుల్ల బిగించి, దాని చివర మూడో చక్రం పెట్టండి. ఆ పుల్ల మీద, చక్రానికి దగ్గరగా, ఒక ఖాళీ అగ్గిపెట్టె అతికించండి. చెక్క మీద, అంటే మోటారు సైకిలు ఉండే చోట, ఒక బరువైన రాయి కట్టండి. ముందు భాగానికి దారం కట్టి నున్నని నేల మీద లాగండి.

మొదట తిన్నగా లాగండి. తరవాత ఎడమకు గిరుక్కున తిప్పండి. మూడో చక్రం పైకి లేస్తుంది. ఇప్పుడు అగ్గిపెట్టెలో చిన్న గులకరాళ్ళు నింపి అదే వేగంతో తిప్పండి. చక్రం నేలను పట్టుకుని ఉంటుంది. గులకరాళ్ళు ఒక్కొక్కటే తీస్తూ ఎన్ని రాళ్ళ దగ్గర చక్రం లేస్తున్నదో రాసుకోండి. తరవాత చెక్క మీది రాయి కింద అట్టముక్కలు పెట్టి, దానిని ఎత్తు చేసి మళ్ళీ చూడండి. బరువు ఎత్తున ఉంటే ఇంకెన్ని గులకరాళ్ళు కావలసివస్తాయో మీకే తెలుస్తుంది.

ఈసారి మామిడి బరువుతో పోయే ఏ బండిని చూసినా, అది ఎంత బరువు మోస్తున్నదో గాక ఆ బరువును ఎక్కడ మోస్తున్నదో చూడండి.